టైల్స్ కింద ఏముందో కూడా ఒకసారి రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఇళ్ల పేజీలో బాత్‌రూమ్‌ల మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, కాదనను. నల్ల టైల్స్, గోడకు వేలాడే కమోడ్, కిటికీలో మనీప్లాంట్, మడత చెదరని తువ్వాలు. బకెట్ మాత్రం ఎక్కడా కనపడలేదు, మగ్గూ లేదు. ఆ ఇంట్లో వాళ్లు ఎలా స్నానం చేస్తారో వాళ్లిష్టం. నా బాధ వేరే. అరపేజీ వ్యాసంలో వాటర్‌ప్రూఫింగ్ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. మా ఇంట్లో పోయిన దీపావళి నుంచి నడిచిన కథంతా ఆ ఒక్క మాట చుట్టూనే కాబట్టి రాయకుండా ఉండలేకపోయాను. ఉత్తరం పొడుగైపోతుందని ముందే తెలుస్తోంది. ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ నీళ్లు నిలబెట్టి చూసిన సంగతి మాత్రం ఉంచండి.

మాది కొత్తపేటలో 1997లో కట్టిన అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. ఇంట్లో మా అత్తయ్య, ఆవిడకు ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది, మా ఆయన, ఇంటర్ రెండో ఏడు చదివే అమ్మాయి, నేను. నేను బడిలో లెక్కల టీచర్‌ని. పోయిన జూన్‌లో ఒకరోజు పొద్దున్నే కింద ఫ్లాటు ఆవిడ తలుపు కొట్టి, "టీచర్‌గారూ, ఒక్కసారి కిందికొచ్చి చూడండి" అంది. వాళ్ల బాత్‌రూమ్ సీలింగ్ మీద చాటంత మరక. లప్పం ఉబ్బి, పెచ్చులు రాలి, లోపలి చువ్వ ఎర్రగా బయటపడింది. మరకైతే రంగేసి కప్పేయొచ్చు, చువ్వ సంగతి అలా కాదు. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, అది ఉబ్బితే చుట్టూ ఉన్న కాంక్రీటు పగులుతుంది, ఆ పగుల్లోంచి ఇంకా నీళ్లు దిగుతాయి. మన బాత్‌రూమ్ నేల అంటే అవతలి వాళ్ల పైకప్పు అని అపార్ట్‌మెంట్‌లో పాతికేళ్లు కాపురం చేసినా నాకు ఆ రోజు దాకా తోచలేదు.

ముందు అందరూ చేసే పనే మేమూ చేశాం. "టైల్స్ పగలగొట్టకుండానే లీకేజీ ఆపేస్తాం" అన్న వాళ్లను పిలిచాం. ఇద్దరు కుర్రాళ్లొచ్చి టైల్స్ సందులు గీకి, వాటిలో తెల్లటి పేస్టు కూరి, పైన ఏదో పారదర్శకమైన పూత వేసి, పదేళ్ల గ్యారంటీ కార్డు చేతిలో పెట్టి, పద్దెనిమిది వేలు పట్టుకెళ్లారు. అక్టోబర్ మొదట్లో మరక మళ్లీ వచ్చింది, ఈసారి చాపంత. గ్యారంటీ కార్డు మీది నంబరు పనిచేయడం లేదు. అసలు లోపలి పైపు జాయింటు కారుతుంటే పైన టైల్స్ సందులు మూసి ఏం లాభం, చిల్లు కుండకి మూత మార్చినట్టు. ఆ మాట నాకు పద్దెనిమిది వేలు పోయాక తట్టింది.

సరే, పగలగొట్టడం తప్పదని తేలాక ముగ్గురు మేస్త్రీల చేత అంచనాలు రాయించాం. ముగ్గురూ వచ్చీ రాగానే అడిగిన మొదటి ప్రశ్న ఒకటే, "టైల్స్ ఏ రంగు అనుకుంటున్నారమ్మా?" మూడో అతను రాసిచ్చిన కాగితంలో ఒకే ఒక్క లైను: బాత్‌రూమ్ పని మొత్తం, 1,40,000. అందులో పగలగొట్టడం ఎంత, మట్టి కిందికి మోయడం ఎంత, వాటర్‌ప్రూఫింగ్‌కి ఎంత, ప్లంబింగ్‌కి ఎంత, కమోడ్, పంపులు ఎవరు కొనాలి అని అడిగితే, "అన్నీ వస్తాయమ్మా, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. నేను టెన్షన్ పడే మనిషినే. కూర్చోబెట్టి ఒక్కొక్కటీ విడివిడిగా రాయించాను. అలా రాయించడం వల్లే చివరికి లెక్క 2,12,000 దాకా పోయినా ఎక్కడెక్కడ పెరిగిందో నాకు తెలుసు. టైల్స్ కొట్లో మళ్లీ అదే తంతు, "బిల్లుతో కావాలా, బిల్లు లేకుండానా?" పద్దెనిమిది శాతం జీఎస్టీ మిగులుతుంది కదా అని మా ఆయన గొణిగారు. రేపు పెట్టె విప్పాక షేడ్ తేడా వస్తే ఏ కాగితం చూపించి మార్చుకుంటాం? నిజంగానే తేడా వచ్చింది, బిల్లు ఉంది కాబట్టి రెండు పెట్టెలు మార్చారు. టైల్స్ లెక్క కంటే ఒక పెట్టె ఎక్కువే తెచ్చుకోండి. ఏడాది తర్వాత ఒక్క టైల్ పగిలితే అదే బ్యాచ్ దొరకదు.

దీపావళి వెళ్లిన సోమవారం సుత్తులు మొదలయ్యాయి. పన్నెండు రోజుల పని అన్నారు. ముప్పై మూడు రోజులు పట్టింది.

పాతకాలం ఒరిస్సా ప్యాన్, అంటే గొంతుక్కూర్చునే నేల లెట్రిన్, తీసి కింద తవ్వేసరికి వచ్చిన వాసన నేను ఇక్కడ రాయలేను. తెలియని వాళ్లకు చెప్పాలంటే, బాత్‌రూమ్ దగ్గర శ్లాబును మిగతా ఇంటికంటే అడుగు లోతుకి దించి పోస్తారు, ఆ గుంతలోంచి పైపులు పోనిచ్చి పైన పూడ్చేస్తారు. మా గుంతను 1997లో విరిగిన ఇటుకలూ సిమెంటు ముద్దలూ ఏది దొరికితే దానితో నింపారు. ఆ ఇటుక ముక్కలు ఇన్నేళ్లూ స్పంజిలా నీళ్లు పీల్చుకుని కూర్చున్నాయి. ప్యాన్ కింద నీళ్లు నిలిచి వాసన రాకుండా ఆపే వంపు గొట్టం, దాన్నే ట్రాప్ అంటారు, దాని జాయింటు ఉత్త సిమెంటుతో అతికించారు, అది వేలు పట్టేంత విచ్చుకుంది. గోడలో ఇనుప పైపులు చేత్తో నలిపితే పొడి రాలాయి. మాది బోరు నీళ్లు కూడా వాడే బిల్డింగ్, ఆ ఉప్పుకి ఇంకేం మిగులుతుంది. ఇదంతా చూశాక ఆ పేస్టు కుర్రాళ్ల మీద కోపం కూడా పోయింది.

ఇంట్లో ఉంటూ ఈ పని చేయించుకోవడం గురించి ఎవరూ ముందు చెప్పరు. మాకు రెండో బాత్‌రూమ్ ఉంది కాబట్టి బతికాం, ఒక్కటే ఉన్నవాళ్లు అద్దెకో చుట్టాలింటికో పోవడమే మంచిది. అదీ కార్తీక మాసం. అత్తయ్యకు తెల్లవారుజామున నాలుగింటికి తలస్నానం, దీపం. ఐదింటికి అమ్మాయి, దానికి ఆరింటికల్లా కాలేజీ బస్సు. మేస్త్రి తొమ్మిదింటికి వచ్చేలోపు అందరి స్నానాలూ, రోజంతటికీ సరిపడా రెండు డ్రమ్ముల నీళ్లూ పట్టేయాలి, ఎందుకంటే మెయిన్ వాల్వు ఎప్పుడు కట్టేస్తారో వాళ్లకే తెలియదు. కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సరిగ్గా ఆ రోజే వాల్వు కట్టేసి ఉంటుంది. తలుపు సందులకు తడి చీరలు కట్టినా దుమ్ము పూజగది దాకా వచ్చేది. పప్పు డబ్బా మూత తీస్తే మూత అంచున తెల్లటి పొడి. పది రోజులయ్యాక మా ఆయన ఆఫీసులో ఎక్కువసేపు ఉండటం మొదలుపెట్టారు, అదో తెలివి.

ఒక విషయం సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. మొదటి రోజు మధ్యాహ్నం పనివాళ్లలో పెద్దాయన వచ్చి, "అమ్మా, మేం బాత్‌రూమ్‌కి ఎక్కడికి పోవాలి?" అని అడిగాడు. మా బిల్డింగ్‌లో వాచ్‌మన్‌కి ఒక మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం. అసోసియేషన్‌ని అడిగితే బయటివాళ్లకు కుదరదన్నారు. మనకు కమోడ్ బిగించడానికి వచ్చిన మనిషి వీధి చివర గోడ చాటుకి పోవాలా? రెండు రోజులు గొడవపడి తాళం చెవి తీసుకున్నాను. ఇంట్లో పని పెట్టుకునేవాళ్లు టైల్స్ ఎంచుకునే ముందు ఈ సంగతి తేల్చుకోండి.

ప్లంబర్ ఒడిశా అబ్బాయి. కేంద్రాపడా జిల్లా పట్టాముండై దగ్గర ఊరట. ఆ పక్క నుంచి దేశమంతా ప్లంబర్లు వెళ్తారు, అక్కడ ప్లంబింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థే ఉంది. పని చూస్తే ముచ్చటేసింది. వేడి నీళ్లకు సీపీవీసీ అనే వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పైపు వేసి, గోడ మూసేముందు పైపులన్నిటికీ మూతలు బిగించి, చేతి పంపుతో ప్రెజర్ పెట్టి, మీటర్ ముల్లు పడిపోతుందేమోనని గంటన్నర దాని ముందే కూర్చున్నాడు. నేను అడగనే లేదు. కాకపోతే కార్తీక పౌర్ణమికి ఊరెళ్తాను, నాలుగు రోజుల్లో వస్తానని వెళ్లి పదకొండో రోజుకి వచ్చాడు. ఆ రోజు వాళ్ల దగ్గర చిన్న చిన్న పడవలు చేసి నీళ్లలో వదులుతారట, వీడియో చూపించాడు. నాకు తిట్టబుద్ధి కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. గుంత శుభ్రం చేసి, పగుళ్లు నింపి, నేలా గోడా కలిసే మూలల్ని సిమెంటుతో గుండ్రంగా మలిచి, రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్ వేశారు. మొదటి పూత ఒకవైపు, అది ఆరాక రెండోది అడ్డంగా. గోడల మీదికి అడుగు ఎత్తు, షవర్ వచ్చే గోడకు తల దాటేదాకా. బాగానే ఉంది. మర్నాడు మేస్త్రి ఇటుక ముక్కలు తెప్పించి గుంత పూడ్చబోతుంటే ఆపాను. ముందు నీళ్లు నిలబెట్టి రెండు రోజులు చూద్దాం అన్నాను.

అతనికి కోపం వచ్చింది. "ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నానమ్మా, ఎవరూ అడగలేదు. నా పని మీద నమ్మకం లేదా?" నమ్మకం ఉంది మేస్త్రీ, కానీ పిల్లాడు నూటికి నూరు తెచ్చుకుంటాడని తెలిసినా పరీక్ష మానేయం కదా అన్నాను. రెండు రోజుల కూలీ నేనే ఇస్తానంటే అప్పుడు దిగొచ్చాడు. పైపు మూతి గుడ్డతో బిగించి, ఐదు సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు పోయించి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాను. నీళ్లు తగ్గితే ఆవిరైపోయిందంటారని ముందే తెలుసు, కాబట్టి పక్కనే ఒక ప్లాస్టిక్ టబ్బులో కూడా అంతే ఎత్తు నీళ్లు పోసి దానికీ గీత గీశాను. ఆవిరయ్యేది రెండిట్లోనూ ఒకేలా కావాలి కదా. లెక్కల టీచర్ల రోగం అనుకోండి.

మర్నాడు పొద్దున టబ్బులో గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నేల మీద ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గింది. కిందికి పరుగెత్తాను. వాళ్ల సీలింగ్‌లో సరిగ్గా మా కమోడ్ పైపు శ్లాబులోంచి దిగేచోట చెమట పట్టినట్టు తడి. పైపు చుట్టూ ఉన్న సందుని మామూలు సిమెంటుతో మూసి, పైనుంచి పూత వేసేశారు. ఆ సిమెంటు ఆరాక కుంచించుకుపోయి సన్నని సందు మిగిలింది. మేస్త్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే వెళ్లి కుంచించుకుపోని గ్రౌట్ తెచ్చి, అక్కడ చెక్కి మళ్లీ నింపి, మళ్లీ పూత వేసి, "ఇంకో రెండు రోజులు పోద్దామమ్మా నీళ్లు" అన్నాడు. కూలీ అడగలేదు. ఈసారి టబ్బూ నేలా ఒక్కలాగే ఉన్నాయి.

ఆ పరీక్ష పెట్టకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. పూడ్చేసి, టైల్స్ వేసి, రెండు లక్షలు ఖర్చుపెట్టి గృహప్రవేశంలా పాలు పొంగించుకున్నాక, ఆర్నెల్లకి కింద ఆవిడ మళ్లీ తలుపు కొట్టేది. ఖర్చు చూస్తే నీళ్ల ఖర్చే.

గుంత పూడ్చేటప్పుడు రెండు పనులు చేయించాం. ఇటుక ముక్కలు వద్దని తేలిక బ్లాకుల ముక్కలు వాడాం. గుంత అడుగు నుంచి డక్ట్‌లోకి, అంటే బిల్డింగ్ పైపులు దిగే ఖాళీ సందులోకి, చిన్న పైపు ఒకటి పెట్టించాం, ఎప్పుడైనా లోపల నీరు చేరితే అది డక్ట్‌లో చుక్కలుగా పడి ముందే తెలుస్తుంది, కిందివాళ్ల సీలింగ్ చెప్పేదాకా ఆగక్కర్లేదు. పూడ్చాక పైన ఇంకోసారి పూత, ఇంకోసారి నీళ్లు. ఈసారి మేస్త్రే పెన్సిల్ అడిగాడు.

టైల్స్ గురించి మీ పేజీలో వచ్చినంత నేను రాయలేను. రాజస్థాన్ కుర్రాళ్లు వేశారు, గుజరాత్ మోర్బీలో తయారైన మామూలు గరుకు టైల్స్. నేను చూసింది వాటం ఒక్కటే. నేల ఆరాక ఒక మగ్గు నీళ్లు పోసి, మా అమ్మాయి చిన్నప్పటి గోళీ ఒకటి వదిలాను. జాలీ వైపు పోవాల్సింది తలుపు మూలకి పోయి ఆగింది. పాపం, నాలుగు టైల్స్ ఊడదీసి మళ్లీ వేశారు. గోళీ ఇంకా మేస్త్రి సంచిలోనే ఉంది, తిరిగివ్వలేదు.

మిగతావి అత్తయ్య కోసం. గాజు తలుపుల షవర్ పెట్టించుకోండని కొట్టువాళ్లు ఎంతో చెప్పారు. ఆవిడ పీట మీద కూర్చుని బకెట్ నీళ్లు మగ్గుతో పోసుకుంటుంది, ఎనభై ఏళ్ల అలవాటు, దాని మధ్యలో గాజు దేనికి? వెస్ట్రన్ కమోడ్‌కి మాత్రం మోకాళ్ల వల్ల ఒప్పుకుంది. పట్టుకునే కడ్డీ ఎక్కడ పెట్టాలన్నది కొలతల పుస్తకం చూసి పెట్టలేదు. ఆవిడను అంతే ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి పోతుందో గోడ మీద గుర్తుపెట్టి, టైల్స్ వేయకముందే ఆ చోట గోడ గట్టిగా చేయించాం. తువ్వాలు వేసుకునే రాడ్డుని పట్టుకుని లేస్తే అది ఊడి చేతికొస్తుంది, చాలా ఇళ్లలో పెద్దవాళ్లు పట్టుకునేది మాత్రం దాన్నే. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టాం, లోపల పడిపోతే తలుపుకి అడ్డం పడకుండా. మా మరిది ఫోన్ చేసి కమోడ్ దిక్కు మార్చమన్నాడు వాస్తు ప్రకారం. ప్లంబర్ పైపు చూపించి నవ్వాడు, అంతటితో ఆ చర్చ అయిపోయింది.

గీజర్ సాకెట్ విప్పితే ఎర్త్ వైరు లోపలిదాకా వచ్చి ఉంది గానీ దేనికీ తగిలించలేదు. ఇరవై ఏడేళ్లు ఆ గీజర్ నీళ్లతోనే స్నానం చేశాం. ఇప్పుడు వైరు తగిలించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్ కూడా పెట్టించాం. ఇది చదివినవాళ్లు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక్కసారి మీ గీజర్ సాకెట్ కూడా చూపించండి, రినోవేషన్ దాకా ఆగకండి.

పగలగొట్టిన మట్టి అరవై ఎనిమిది బస్తాలయింది. లిఫ్టులో దించకూడదన్నారు, మెట్ల మీద మోశారు. ట్రాలీ ఆటో అతను "నాగోల్ దాటాక ఖాళీ జాగాలు చాలా ఉన్నాయమ్మా" అన్నాడు, అంటే మూసీ గట్టున పోసేస్తాడని అర్థం. కూల్చిన వ్యర్థాల బాధ్యత వాటిని పుట్టించినవాళ్లదేనని 2016లోనే నిబంధనలు వచ్చాయి, ఆ వ్యర్థాల్ని రీసైకిల్ చేసే ప్లాంట్లు జీడిమెట్లలోనూ మాకు దగ్గరే ఉన్న ఫతుల్లాగూడలోనూ ఉన్నాయి. ఆ మాట చెప్తే ఆటో అతనికే కాదు, మా అసోసియేషన్ కార్యదర్శికీ కొత్తే.

ఈ గొడవంతా అయ్యాక మా బిల్డింగ్ మీటింగ్‌లో ఒక కాగితం మీద అందరం సంతకాలు పెట్టాం. ఎవరు బాత్‌రూమ్ పగలగొట్టినా టైల్స్ వేసే ముందు నలభై ఎనిమిది గంటలు నీళ్లు నిలబెట్టాలి, కింది ఫ్లాటువాళ్లు తమ సీలింగ్ చూసుకుని సరేనని సంతకం పెట్టాలి, మూసేముందు పైపుల ఫొటోలు అసోసియేషన్‌కి ఇవ్వాలి. కొత్త ఫ్లాటు కొన్నవాళ్లకైతే 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 14వ సెక్షన్ ఉంది. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణంలో లోపం బయటపడితే చెప్పిన ముప్పై రోజుల్లో బిల్డర్ తన ఖర్చుతో బాగుచేయాలి. చాలామంది ఆ ఐదేళ్లూ పేస్టు కుర్రాళ్లకు డబ్బులు పోస్తూ గడిపేస్తున్నారు. మీరు ఇళ్ల పేజీలో ఇవి రాస్తే బాగుంటుందని నా మనవి. ఫొటోలు కావాలంటే నా దగ్గర ఉన్నాయి, అందంగా ఉండవు. పెన్సిల్ గీత, టబ్బు, తడి సీలింగ్.

కింద ఆవిడ సీలింగ్ సంక్రాంతి నాటికి ఆరింది. తుప్పు గీకించి, చువ్వకు పూత వేయించి, మళ్లీ ప్లాస్టరింగ్ చేయించి రంగు వేయించాం, ఆ ఖర్చు మేమే పెట్టుకున్నాం. రెండో బాత్‌రూమ్ కూడా 1997దే. అమ్మాయి ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా సుత్తి ముట్టుకోనని మేస్త్రికి చెప్పాను. ఏప్రిల్‌లో వస్తానన్నాడు, టబ్బు జాగ్రత్తగా పెట్టమన్నాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కొత్తపేట, హైదరాబాద్